పాట బాగుండే పేట బార్: తరచుగా అడిగే ప్రశ్నలు

"మా పక్క వీధిలో ఒక బార్ ఉంది, పాటలు భలే ఉంటాయి" అని ఒకసారి నోరు జారాను. అప్పటినుంచి శుక్రవారం వస్తే చాలు, అవే సందేహాలు ఫోన్‌లో వరసకడుతున్నాయి. చెప్పిందే చెప్పి విసుగొచ్చి అన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఇది పెద్ద క్లబ్బుల గురించి కాదు. నాలుగు బల్లలు, ఒక కౌంటర్, మూలన ఇద్దరు ముగ్గురు వాయించుకునేంత జాగా, తెలిసిన మొహాలు ఉండే బార్ గురించి. ఎక్కడినుంచి మొదలుపెట్టి చదివినా పర్వాలేదు.

## వెళ్లకముందు

పబ్బు, లౌంజ్, క్లబ్బు ఉండగా ఈ పేట బార్ ప్రత్యేకత ఏంటి?

క్లబ్బుకు ఊరంతటి నుంచీ జనం వస్తారు, ఒక్క రాత్రి కోసం వస్తారు. పేట బార్‌కు వచ్చేవాళ్లలో చాలామంది నడిచి వస్తారు, వారం తిరక్కుండా మళ్లీ వస్తారు. మిగతా తేడాలన్నీ ఇక్కడినుంచి పుట్టినవే. రేపు మళ్లీ మొహం చూపించాల్సిన మనిషికి కొలత తగ్గించి పోయలేరు. ఆ మనిషి కూడా గొడవ పెట్టుకుని మళ్లీ రాలేడు. అమెరికాలో ఇలాంటి వాటిని డైవ్ బార్ అంటారు. డైవ్ అంటే మునక. 19వ శతాబ్దంలో మెట్లు దిగి వెళ్లాల్సిన నేలమాళిగ సారా కొట్లకు పత్రికలు తగిలించిన పేరు అది. అప్పట్లో తిట్టు, ఇప్పుడు మెచ్చుకోలు. ఇల్లూ ఆఫీసూ కాకుండా మనుషులు ఊరికే కలుసుకునే ఇలాంటి జాగాలను రే ఓల్డెన్‌బర్గ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 'మూడో చోటు' అన్నాడు. పుస్తకం పేరులా అనిపిస్తుంది గానీ, ఒక మంగళవారం సాయంత్రం వెళ్లి కూర్చుంటే అర్థమైపోతుంది.

బయటి నుంచి చూసి మంచిదో కాదో ఎలా చెప్పొచ్చు?

చూసి చెప్పలేం, వినాలి. తలుపు తీసి ఒక్క నిమిషం గుమ్మంలో నిలబడండి. పాట మాటమాటా తెలుస్తూ, మధ్యలో మనుషుల మాటలు, ఒక నవ్వు కూడా వినిపిస్తుంటే లోపలికి వెళ్లండి. పాట ఒక్కటే వినిపిస్తే అక్కడ ఎవరూ మాట్లాడుకోవడం లేదని అర్థం. బార్‌ను నేను బోర్డు చూసి, మెనూ చూసి అంచనా వేయడం ఎప్పుడో మానేశాను. వాల్యూమ్ మీద చెయ్యి ఎవరిది, ఆ చెయ్యి గదిలోకి చూస్తోందా లేదా అన్నదే నా లెక్క.

రెండో గుర్తు: ఒంటరిగా కూర్చున్నవాళ్లు ఫోన్లో తల దూర్చకుండా తీరిగ్గా కనిపిస్తున్నారా? మూడోది గోడ మీద చేత్తో రాసిన కాగితం. 'ప్రతిరోజూ లైవ్ మ్యూజిక్' అనే మెరుపు బోర్డు కంటే 'గురువారం ఎనిమిదింటికి, ఎప్పటివాళ్లే' అని స్కెచ్ పెన్నుతో రాసిన కాగితాన్నే నేను నమ్ముతాను.

సాదాసీదా బార్ అంటే కాస్త మురికిగానే ఉండాలా?

అక్కర్లేదు. పాతగా ఉండటం వేరు, మురికిగా ఉండటం వేరు. సీటు చిరిగి టేపు అంటించి ఉందా, పోనివ్వండి. గ్లాసు మాత్రం చూడండి. బీరు పోశాక గ్లాసు లోపలి గోడకు బుడగలు గుంపులుగా అంటుకుని కదలకుండా ఉంటే, అది సరిగ్గా కడగని గ్లాసు. శుభ్రమైన గ్లాసులో బుడగలు పైకి పోతాయి. తాగుతున్నకొద్దీ నురగ గోడ మీద అంచెలంచెలుగా చారలు వదులుతుంది. డ్రాఫ్ట్ బీరులో (సీసాది కాదు, పీపా నుంచి గొట్టంలో వచ్చేది) వెన్న వాసనో పులుపో తగిలితే గొట్టాలు కడిగి చాలా రోజులైందని అనుమానించొచ్చు. కనీసం రెండు వారాలకోసారి కడగాలన్నది అమెరికా బీరు తయారీదారుల సంఘం పెట్టిన లెక్క. ఇక టాయిలెట్ గురించి పెద్దగా చెప్పను. ఓనర్‌కు ఆ బార్ మీద ఎంత శ్రద్ధ ఉందో అక్కడే తెలిసిపోతుంది.

నేను తాగను. వస్తే ఎబ్బెట్టుగా ఉంటుందా?

మంచి చోటైతే ఉండదు. సోడా అడిగితే మారు మాట లేకుండా గ్లాసులో పోసి ఇస్తారు, 'అంతేనా?' అని మొహం పెట్టరు. ఒక్కటే మర్యాద: జాగా ఆక్రమించుకుని మూడు గంటలు ఒక్క సోడాతో గడపొద్దు. గంటకోసారి ఏదో ఒకటి తీసుకోండి. బార్ నడిచేది పాట మీద కాదు, గ్లాసుల మీద. పక్కవాడు 'ఒక్కటి వేస్కో, ఏం కాదు' అని పదేపదే వెంటపడితే తప్పు మీది కాదు, అతనిది. అలాంటివాణ్ని ఆపే బార్‌టెండర్ ఉన్నాడంటే ఆ బార్‌కు మళ్లీ వెళ్లొచ్చు.

ఆడవాళ్లం ఒంటరిగా వెళ్లొచ్చా? భయంగా ఉంటుంది.

భయం అకారణం కాదు, కాబట్టి 'ఏం పర్లేదు' అని తేలిగ్గా చెప్పను. మొదటిసారి వెలుతురు ఉండగానే, జనం పలచగా ఉన్నప్పుడు వెళ్లండి. మూల బల్ల కన్నా కౌంటర్ దగ్గర స్టూల్ మేలు, బార్‌టెండర్ చూపు మీ మీద ఉంటుంది. అప్పటికే ఇతర ఆడవాళ్లు నిశ్చింతగా కూర్చుని ఉన్నారా అన్నది మంచి సూచన. గ్లాసు వదిలి వెళ్లాల్సి వస్తే, తిరిగొచ్చాక అది తాగకండి, కొత్తది చెప్పండి. ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో 2016లో ఒక పద్ధతి మొదలైంది: ఇబ్బంది పడుతున్నవాళ్లు కౌంటర్ దగ్గరికెళ్లి 'ఏంజెలా ఉందా?' అని అడిగితే చాలు, సిబ్బంది విషయం గ్రహించి వాళ్లను బయటికి చేరుస్తారు, లేదా క్యాబ్ పిలుస్తారు. ఈ కోడ్ మాట అన్నిచోట్లా చెల్లదు. మాట ఏదైనా, సాయం అడిగితే కౌంటర్ వెనక ఉన్న మనిషి కదులుతారా లేదా అన్నది మొదటి పావుగంటలో వాళ్ల తీరు చూస్తేనే తెలుస్తుంది.

## లోపల అడుగుపెట్టాక

ఖాళీ స్టూల్ మీద కూర్చుంటే ఒకాయన గుర్రుగా చూశాడు. నేనేం తప్పు చేశాను?

ఏ తప్పూ చేయలేదు, ఆయన సీట్లో కూర్చున్నారంతే. చట్టప్రకారం అది ఆయనది కాదు. పదేళ్లుగా అక్కడే కూర్చుంటున్నాడు కాబట్టి ఆయనది. నాకూ ఇది జరిగింది. గోడ పక్కన ఖాళీ స్టూల్ ఉంటే ఎక్కి కూర్చున్నాను. కౌంటర్ మీద నా ముందు చిన్న గుడ్డముక్క మడతపెట్టి ఉంది, ఎవరో మర్చిపోయారనుకుని పక్కకు నెట్టాను. బార్‌టెండర్ ఏమీ అనలేదు. ఆ గుడ్డను తీసి, విప్పి, మళ్లీ అదే మడత పెట్టి, అదే చోట పెట్టింది. ఐదు నిమిషాలకు ఒక పెద్దాయన వచ్చి నా వెనక నిలబడ్డాడు, ఆయనా ఏమీ అనలేదు. మోచెయ్యి నొప్పెట్టే వయసు కదా, ఆ గుడ్డ ఆయన మోచేతి కిందకట. లేచాను. ఆ రాత్రి పాటల గురించి నాకు ఎక్కువ చెప్పింది ఆయనే. మీరూ కూర్చునే ముందు 'ఇక్కడ ఎవరైనా ఉన్నారా?' అని ఒక్క మాట అడగండి, సరిపోతుంది.

ఏం ఆర్డర్ ఇవ్వాలి?

ఆ చోట ఎక్కువగా పోయేది ఏదో అదే. డ్రాఫ్ట్‌లో ఎక్కువ అమ్ముడయ్యేదే తాజాగా ఉంటుంది. ఎవరూ ముట్టని పంపులోది గొట్టంలోనే నిలవుండిపోయి ఉంటుంది. సీసా అయితే గోధుమరంగుది మంచిది. వెలుతురు తగిలితే బీరులో చేదు కోసం వేసే హాప్స్ పూల పదార్థాలు విరిగి ముక్కు మూసుకునే వాసన వస్తుంది. పారదర్శకమైన సీసా, ఆకుపచ్చ సీసా ఆ వెలుతురును పెద్దగా ఆపలేవు. వైన్ అడిగేటట్టయితే 'ఎప్పుడు తెరిచారు?' అని అడగండి. వాళ్లు జవాబు చెప్పలేక నీళ్లు నమిలితే బీరు తీసుకోండి. జనం కిక్కిరిసి ఉన్నప్పుడు ఏడు దినుసుల కాక్‌టెయిల్ చెప్పడం మాత్రం మీ వెనక నిలబడ్డవాళ్ల ఉసురు పోసుకోవడమే.

బార్‌టెండర్‌ని ఎలా పిలవాలి?

పిలవొద్దు. కౌంటర్ దగ్గర నిలబడి చూపు కలిపితే చాలు. చిటికెలు, ఈలలు, నోటు ఊపడం వద్దు. మీ వంతు వాళ్లకు గుర్తుంటుంది.

## పాట మొదలయ్యాక

జూక్‌బాక్స్‌లో నాకు నచ్చిన పాట పెట్టొచ్చా?

పెట్టొచ్చు, అందుకే అది ఉంది. డబ్బులు వేసి పాట వినే ఈ సరదా ఒక బార్‌లోనే మొదలైంది. 1889 నవంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్యాలే రాయల్ సెలూన్‌లో లూయీ గ్లాస్ అనే ఆయన రికార్డయిన పాట వినిపించే ఎడిసన్ ఫోనోగ్రాఫ్‌కు నాణెం వేసే పెట్టె బిగించాడు. అప్పటికి స్పీకర్లు లేవు. యంత్రానికి నాలుగు గొట్టాలు, ఒక్కో గొట్టం చెవిలో పెట్టుకుని ఒక్కో మనిషి వినాలి. అంటే ఒకరి పాట ఇంకొకరి నెత్తిన పడేది కాదు. ఇప్పుడు మీరు ఎంచుకున్న పాట గదిలో అందరూ వినాలి, అసలు మర్యాదంతా దీంట్లోనే ఉంది. ముందు రెండు మూడు పాటలు విని గది ఏ మూడ్‌లో ఉందో చూడండి. వరుసగా ఆరు పాటలు మీవే వేయకండి. పదిహేను నిమిషాల పాట పెట్టి 'ఇది కళాఖండం' అని అందరికీ వివరించకండి. కొన్ని యాప్ యంత్రాల్లో అదనంగా కడితే మన పాట క్యూలో ముందుకు జరుగుతుంది. దాన్ని వాడేవాళ్లను నేను మర్చిపోను.

పాట సాగుతుంటే మాట్లాడుకోవచ్చా?

చోటును బట్టి. అమెరికాలోని నాష్‌విల్‌లో 1982లో మొదలైన బ్లూబర్డ్ కెఫే అని చిన్న జాగా ఉంది. పాటలు రాసేవాళ్లు అక్కడ వాళ్ల పాటలు వాళ్లే పాడతారు, 'ష్‌ష్!' అన్నది ఆ కెఫే నినాదం. అలాంటిచోట గుసగుస కూడా తప్పే. పేట బార్‌లో అంత నిష్ఠ ఉండదు. మాటలు ఉంటేనే అది బార్. కానీ గిటార్ ఒక్కటి పట్టుకుని మైకు లేకుండా పాడుతున్న మనిషి ముందు బల్ల దగ్గర ఆఫీసు గొడవలు గట్టిగా చెప్పుకోవడం ఏం బాగుంటుంది? మాట్లాడాలంటే వెనక బల్లకు వెళ్లండి, ముందు కూర్చుంటే వినండి.

ఒక రాత్రి చూసిన సంగతి. రికార్డు పాట మోగుతోంది. మూల బల్ల దగ్గర ఇద్దరు అన్నదమ్ములు, చాలాకాలం తర్వాత కలిసినట్టున్నారు, మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఊరికే గ్లాసులు తిప్పుతున్నారు. బార్‌టెండర్ నిమ్మకాయ కోస్తూ కోస్తూ, కత్తి కింద పెట్టకుండానే, మోచేత్తో వాల్యూమ్ నాబ్‌ను కొంచెం వెనక్కి తిప్పింది. గదిలో ఎవరూ గమనించలేదు. పాట ఆగలేదు. ఇద్దరిలో చిన్నవాడు మాట్లాడటం మొదలుపెట్టాడు.

వాయించేవాళ్లను ఫలానా పాట పాడమని అడగొచ్చా?

రెండు పాటల మధ్య విరామంలో, ఒక్కసారి, కాగితం మీద రాసి ఇవ్వండి. పాడకపోతే అలగకండి. నేను ఒకసారి పల్లవికీ చరణానికీ మధ్య గాయకుడు ఊపిరి తీసుకునే సందులో దూరి నా కోరిక వినిపించాను. ఆయన నవ్వి తలూపాడు, ఎంతో మర్యాదస్తుడు. వెనక ఉన్న డ్రమ్మర్ మాత్రం నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

నాకు ఫ్లూట్ వచ్చు. బార్‌లో వాయించేవాళ్లతో కూర్చోవచ్చా?

అది ఓపెన్ మైకా, సెషనా అన్నది ముందు తెలుసుకోండి. ఓపెన్ మైక్ అయితే పేరు రాయించుకుని వంతు వచ్చాక పాడతారు. సెషన్ వేరు. ఐర్లండ్ సంప్రదాయ సంగీతంలో వేదిక లేకుండా బల్ల చుట్టూ కూర్చుని వాయించుకునే పద్ధతి అది. తమాషా ఏంటంటే, పబ్బులో సెషన్ అనే అలవాటు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లండన్‌కు పనికి వలస వెళ్లిన ఐరిష్ కూలీల మధ్య బాగా పెరిగింది. ఇరుకు అద్దె గదుల్లో ఉండేవాళ్లకు వాయించుకోవడానికి పబ్బే దిక్కు. చూడటానికి అందరికీ తలుపు తెరిచినట్టే ఉంటుంది గానీ లోపల కట్టుబాట్లున్నాయి. ముందు ఒకటి రెండు వారాలు ఊరికే వినండి. అడిగి కూర్చోండి. తెలియని ట్యూన్ వస్తే వాయిద్యం ఒళ్లో పెట్టుకోండి, వెతుక్కుంటూ పక్కన కూనిరాగం తీయకండి. తాళవాద్యం ఒకటి ఉంటే రెండోది బయటికి తీయొద్దు. 'మీరొకటి మొదలుపెట్టండి' అని వాళ్లంతట వాళ్లే అన్నరోజు పెద్ద కచేరీ చేసినంత టెన్షన్ వస్తుంది, సిద్ధంగా ఉండండి.

లైవ్ ఉన్న రోజు ఏ బల్ల మంచిది?

స్పీకర్‌కు ఎదురుగా, చెవి ఎత్తులో ఉండే సీటు వద్దు. గోడకు ఆనుకున్న సీటు, ముఖ్యంగా మూల కూడా వద్దు, బాస్, అంటే లోతైన బరువు శబ్దం, అక్కడ పేరుకుని అన్నీ బరువుగా వినిపిస్తాయి. వెనక గోడకు కాస్త ముందు, గదికి మధ్యగా ఉండే బల్ల నాకు ఇష్టం. గది ఖాళీగా ఉన్నప్పుడు గరగరమన్న పాట జనం నిండాక మెత్తబడుతుంది, మన బట్టలూ ఒళ్లూ పై స్థాయి శబ్దాలను పీల్చుకుంటాయి. కాబట్టి మొదటి పాట విని లేచిపోకండి.

బయటికొచ్చాక చెవులు గుయ్‌మంటున్నాయి. ప్రమాదమా?

చెవికి మోతాదు మించిందని హెచ్చరిక. మామూలు మాటలు సుమారు 60 డెసిబెల్స్. పనిచేసే చోట 85 డెసిబెల్స్ అయితే రోజుకు 8 గంటల దాకా అని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ పరిమితి పెట్టింది. అక్కడినుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట. చిన్న గదిలో డ్రమ్ముల పక్కన 100 దాటడం పెద్ద విషయం కాదు. సంగీత వేదికల్లో సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. మీటర్ లేకపోతే చెయ్యి చాచినంత దూరంలో ఉన్న మనిషితో అరవాల్సి వస్తోందా చూడండి. అరవాల్సి వస్తే దూరం జరగండి, ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి. జేబులో ఒక జత ఉంటే నామోషీ ఏం లేదు, వాయించేవాళ్లలో సగం మంది చెవుల్లో అవే ఉంటాయి. గుయ్‌మనడం ఒకటి రెండు రోజుల్లో తగ్గకపోతే డాక్టర్‌కు చూపించండి.

టికెట్ లేదు కదా, వాయించేవాళ్లకు డబ్బులు ఎవరిస్తారు?

బార్ నుంచి ఇంతని ఒప్పుకున్న మొత్తం, అమ్మకాల్లో కొంత వాటా, లేదా బల్లల మధ్య తిరిగే డబ్బా. చాలాచోట్ల చివరిదే ఎక్కువ. డబ్బా ఎదురుగా వచ్చినప్పుడు ఫోన్ చూసుకోకండి. ఇక రాసినవాళ్ల సంగతి: వేరేవాళ్ల పాట బార్‌లో మోగితే దాని హక్కుదారులకు కట్టాల్సిన లైసెన్సు ఫీజు వేరే. న్యూయార్క్‌లో ఒక రెస్టారెంట్ 'పాటకు మేం టికెట్ పెట్టలేదు కదా' అని వాదిస్తే, 1917లో అమెరికా సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పాట వల్ల లాభం లేకపోతే మీరే ఆపేసేవారు కదా అన్నది జస్టిస్ హోమ్స్ తీర్పు సారాంశం. బిల్లు కట్టేటప్పుడు నాకు ఆ తీర్పు అప్పుడప్పుడూ గుర్తొస్తుంది.

## ఇంటికి వెళ్లేటప్పుడు

రెండే తాగాను, కాఫీ తాగి బండి నడపొచ్చా?

వద్దు. కాఫీ నిద్ర మత్తును కొంత తగ్గిస్తుంది, రక్తంలోని ఆల్కహాల్‌ను కాదు. చన్నీళ్ల స్నానమూ అంతే. 40 శాతం విస్కీ 30 మిల్లీలీటర్లలో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, 5 శాతం బీరు 330 మిల్లీలీటర్లలో సుమారు 13 గ్రాములు. శరీరం గంటకు వదిలించుకునేది సుమారు 7 నుంచి 10 గ్రాములు, అదీ మనిషిని బట్టి. దాన్ని తొందరపెట్టే మార్గం లేదు. వెళ్లేటప్పుడే తాళం ఇంట్లో వదిలేసి నడిచి వెళ్లండి. నడిచి వెళ్లేంత దూరంలో ఉండటమే పేట బార్ అసలు సుఖం.

## అలవాటయ్యాక

ఎన్నిసార్లు వెళ్తే గుర్తుపడతారు?

ఎన్నిసార్లన్నది కాదు, ఒకే రోజు, ఒకే వేళకు వెళ్లడం ముఖ్యం. నెలలో ఎనిమిదిసార్లు వేర్వేరు రోజుల్లో వెళ్లేవాడి కంటే ప్రతి బుధవారం ఏడింటికి కనిపించేవాడు తొందరగా గుర్తుంటాడు. మీ పేరు కంటే ముందు మీ గ్లాసు గుర్తుంటుంది.

మా ఇంటి పక్కనే బార్. పాట గోల భరించలేకపోతున్నాం. ఏం చేయాలి?

గాయకుడి గొంతును గోడ ఆపుతుంది, బాస్‌ను ఆపలేదు. పదే పదే తెరుచుకునే తలుపు కూడా పెద్ద కారణం. ఫిర్యాదుకు ముందు పగటిపూట ఓనర్‌ను మీ పడగ్గదికి పిలిచి, పాట వేయించి వినిపించండి. రెండో తలుపు బిగించడం, బాస్ తగ్గించడం, స్పీకర్‌ను గోడ నుంచి దూరం జరపడం లాంటి వాటితో చాలా గొడవలు తీరతాయి. ఎవరు ముందు వచ్చారన్నదీ చూడాలి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2014లో, ఇంగ్లండ్ 2018లో ప్రణాళికా నియమాల్లో ఒక సూత్రం చేర్చాయి: అప్పటికే పాట ఉన్న చోటు పక్కన కొత్తగా ఇళ్లు కట్టేవాళ్లే శబ్దం ఆపే ఖర్చు పెట్టుకోవాలి. న్యాయంగానే ఉంది. కానీ అర్ధరాత్రి దాటాక బయట నిలబడి కేకలేసే తాగుబోతులను ఏ సూత్రమూ వెనకేసుకు రాదు.

ఇలాంటి బార్లు ఎందుకు మూతపడుతుంటాయి?

ఎక్కువగా అద్దె. న్యూయార్క్‌లో హిల్లీ క్రిస్టల్ 1973లో తెరిచిన సీబీజీబీ అనే బార్‌లో రమోన్స్, బ్లాండీ, టాకింగ్ హెడ్స్ లాంటి పేరున్న రాక్ బృందాలు తొలిరోజుల్లో వాయించాయి. సొంత పాటలే వాయించాలన్నది అక్కడి షరతు. టాయిలెట్ల గురించి వినకపోవడమే మంచిది. ప్రపంచమంతా తెలిసిన ఆ చోటు కూడా అద్దె గొడవతో 2006 అక్టోబర్‌లో మూతపడింది. రెండో కారణం లైసెన్సు. మెల్‌బోర్న్‌లోని టోట్ అనే పాత మ్యూజిక్ పబ్ 2010 జనవరిలో మూసేశారు. లైవ్ మ్యూజిక్ ఉంటే గొడవల ప్రమాదం ఎక్కువని లెక్కగట్టి పెట్టిన భద్రతా షరతుల ఖర్చు మోయలేకపోయారు. ఫిబ్రవరిలో వేలమంది వీధుల్లోకి వచ్చారు. ఆ ఏడాదే అది మళ్లీ తెరుచుకుంది.

మీరు చెప్పే బార్ పేరేంటి? రివ్యూ రాయొచ్చు కదా?

ఇదే అందరూ అడిగే ప్రశ్న. రాస్తే పది మంది వస్తారు, ఓనర్‌కు అద్దె వెళ్తుంది. పది కాస్తా వందైతే పాట వినబడదని వాల్యూమ్ పెంచుతారు, ఆ పెద్దాయన స్టూల్ మీద ఎవరో బ్యాగు పెడతారు. పోయిన గురువారం ఇదే విషయం బార్‌టెండర్‌ని అడిగాను. గ్లాసు తుడుస్తూ, "మంగళవారం రమ్మను. మంగళవారం ఖాళీ" అంది.